గంటకు తెలిసిన ఒక్క మాట

శనగ పీకేసిన నల్లరేగడి చేలల్లో ఎర్రిస్వామి తాత మంద దిగి అప్పటికి ఆరు రోజులైంది. నూటికి పైగా గొర్రెలు, వాటి పిల్లలు, సామాను మోసే ఆడగాడిద ఓబులమ్మ, కాపలా కుక్క కాటయ్య, అందరికీ ముందు నడిచే మేకపోతు గవరయ్య. పగలు చేలల్లో రాలిన ఆకూ అలమూ మేయడం, చీకటి పడ్డాక ఆ రైతు చేలోనే పడుకుని పెంటికలు వేయడం, ఇదీ మంద చేసే ఉద్యోగం. చేనుకు ఎరువు దక్కేది, తాతకు తిండిగింజలు దక్కేవి. గొర్రెలకు ఏం దక్కేదని గొర్రెలు ఎప్పుడూ అడగలేదు.

గవరయ్యకు రెండు సొమ్ములున్నాయి. ఒకటి జానెడు గడ్డం, రెండోది మెడలో కంచుగంట. గడ్డం ఉంది కాబట్టి తనకు జ్ఞానం ఉందని అతని నమ్మకం. గంట సంగతి పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ఊరి పెద్దకు కండువా ఎలాగో తనకు అది అలాగని, తాత ముచ్చటపడి కట్టాడని అనుకునేవాడు.

గవరయ్యకు అసలు గర్వమంతా తన నోటిమీద. తెల్లారగానే చేనిగట్టు ఎక్కి, గడ్డం ఒకసారి ఇటూ అటూ ఊపి, మొదలుపెట్టేవాడు.

“సోదర గొర్రెలారా! నిన్నటి దినమున మనము తూర్పు చేను మేసితిమి. మేత యన్న నేమి? క్రమశిక్షణయే మేత! నేడు పడమటి దిక్కునకు పోవుదము. పిల్లలను నడుమ నుంచుకొనుడు. అత్యాశ వలదు!”

ఇలా పావుగంట చెప్పి, గట్టు దిగి, పడమటికి నడిచేవాడు. నూరు గొర్రెలూ వెనకే నడిచేవి. గవరయ్య ఒకసారి వెనక్కి తిరిగి ఆ బారును చూసుకుని, ‘మాటంటే ఇదీ!’ అని లోలోపల మురిసిపోయేవాడు. ఏడేళ్లుగా ఇదే వరస.

ఓబులమ్మకు మాత్రం ఇదంతా వినోదం. “గవరయ్యా, ఒకటి అడుగుతా కోపం చేసుకోవద్దు. నువ్వు చెప్పేటప్పుడు ఒక్క గొర్రెన్నా తల పైకెత్తిందా ఎప్పుడన్నా?”

“తల వంచుకుని ఇంటాండాయి. దాన్ని వినయమంటారు.”

“వినయం కాదప్పా, మేత. నీ ఉపన్యాసం మేకమెడ చన్నే. చూసేదానికే గానీ పితికితే చుక్క రాదు.”

“గాడిదకేం తెలుసు గంధం వాసన,” అని గవరయ్య గడ్డం తిప్పుకుని వెళ్లిపోయేవాడు.

చేనికి పడమట ఒక వంక ఉంది. ఎండాకాలం కాబట్టి నీళ్లు లేవు, అడుగున ఇసుక, రెండు వైపులా నిలువు గట్లు, గట్ల మీద ముళ్లకంప. వంకలోకి దిగడానికి ఒకే ఒక సన్నటి దారి, ఒకరి వెనక ఒకరు దిగాల్సిందే. ఆ కంపలో మూడు రోజులుగా ఒక నక్క కాపురం పెట్టింది. పేరు తిరుపాలు. వెంట ఇద్దరు బామ్మర్దులు. వాళ్ల పని తినడం, తిరుపాలు పని ఆలోచించడం.

“బావా, ఒక గొర్రెపిల్లను లాక్కొస్తే పోలా?” అన్నాడు పెద్ద బామ్మర్ది మొదటి రోజే.

“కాటయ్య పండ్లు చూసినావా? మంద దగ్గరికి మనం పోగూడదు. మందే మన దగ్గరికి రావాల. అది ఎట్ల వస్తాదో చూస్తాండా, నోరుమూసుకోని కూచో.”

రెండు రోజులు చూశాడు, ఏమీ అంతు చిక్కలేదు. మూడో రోజు పొద్దున గవరయ్య గట్టుమీద ఉపన్యాసం ఇస్తున్నాడు. ఇంకా ‘క్రమశిక్షణ’ దగ్గరే ఉన్నాడు. అంతలో జోరీగ ఒకటి వచ్చి చెవి మీద కుట్టింది. గవరయ్య తల విదిలించాడు. గంట గణగణమంది. అంతే, మేస్తున్న గొర్రెలన్నీ టక్కున తలెత్తి గట్టువైపు నడక మొదలుపెట్టాయి. గవరయ్య, “ఆగండి, ఇంకా ముగించలేదు!” అంటూ ఇంకోసారి తల విదిలిస్తే మరింత తొందరగా వచ్చాయి. మన వక్త మాత్రం ‘ఈరోజు నా మాటకు పదును ఎక్కువైంది’ అనుకున్నాడు.

కంపలో తిరుపాలు నవ్వాపుకోలేక తోక నోట్లో కుక్కుకున్నాడు. “దొరికిందిరా! వీళ్లు పోతు మాట ఇనడం లేదు. పోతు మెడలో ఉండేదాని మాట ఇంటాండారు. ఈ సంగతి గొర్రెలకూ తెలీదు, పోతుకూ తెలీదు.”

ఆ మధ్యాహ్నం ఎండ నెత్తిమీదికి వచ్చింది. గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి ముద్దగా నిలబడ్డాయి. పిల్లలు తల్లుల నీడలో కునుకుతున్నాయి. తుమ్మచెట్టు కింద తాత కండువా మొహాన కప్పుకుని పడుకున్నాడు, ఆయన కాళ్ల దగ్గర కాటయ్య. మేకజాతికి మిట్టమధ్యాహ్నం కూడా నిద్ర పట్టదు కాబట్టి గవరయ్య ఒక్కడూ గట్టుమీద తిరుగుతున్నాడు. అప్పుడు కంప చాటునుంచి ఒక తల బయటికి వచ్చి నేలకు ఆనింది. నక్క వినయం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే అప్పుడే చూడాలి.

“దండం మామా.”

“ఎవుర్రా అది? నక్కవా! కాటయ్యను లేపుతా ఉండు.”

“లేపు మామా, నన్ను చంపిస్తే చంపించు. ఒక్క మాట ఇని చంపించు. మూడు దినాలుగా ఈ కంపలో కూచోని నీ ఉపన్యాసం ఇంటాండా. నిన్న ‘అత్యాశ వలదు’ అంటివి సూడు, నా కండ్లలో నీళ్లు తిరిగె.”

గవరయ్య కాటయ్యను లేపడం మరిచిపోయాడు. ఏడేళ్లలో తన ఉపన్యాసంలోని ఒక ముక్కను తిరిగి తనకే అప్పజెప్పిన మొదటి ప్రాణి ఇదే.

“అది చిన్న మాటేలే. అసలు మాట మొన్న చెప్పినా, క్రమశిక్షణ గురించి.”

“అదీ ఇన్నా మామా! మా జాతిలో ఊళలేసేవాళ్లే గానీ చెప్పేవాళ్లు యాడుండారు? మా బామ్మర్దులు ఇద్దరుండారు, మొండిగాళ్లు. ‘ఆ పెద్దాయన వచ్చి నాలుగు ముక్కలు చెప్తే మాంసం మానేస్తాం’ అంటాండారు. వాళ్లను ఈడికి తెస్తే కాటయ్య ఊరుకోడు. నువ్వే ఒకసారి వంకలోకి దిగితే పుణ్యముంటాది. తుమ్మకాయలు కూడా రాలి పడుండాయి.”

నక్కలు మాంసం మానేయడం! లోకంలో ఎవరూ చేయని పని తన నోటితో జరగబోతోంది. గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

“పద. రెండు నక్కలేనా ఉండేది? ఇంకెవరన్నా ఉంటే పిలువు.”

“మెల్లగా రా మామా. తల కదపకుండా రా, ఆ కుక్క లేస్తాది.”

గవరయ్య నెత్తిన నీళ్లకుండ పెట్టుకున్న మనిషిలా మెడ బిగపట్టి నడిచాడు. గంట నోరెత్తలేదు. ఓబులమ్మ ఒక కన్ను తెరిచి, “యాడికప్పా?” అంది. “మంచి మాట చెప్పేదానికి,” అన్నాడు. “అయితే తొందరగా రావులే,” అని ఆమె కన్ను మూసుకుంది.

వంక అడుగున ఇసుకలో ఇద్దరు బామ్మర్దులూ చెరోవైపు కూర్చుని ఉన్నారు. గవరయ్య నడుమ నిలబడి, “సోదర నక్కలారా! శాకాహారమున నున్న సుఖము...” అని అందుకున్నాడు.

“సాల్లే మామా,” అన్నాడు తిరుపాలు. గొంతులో వినయం లేదు. “ఇప్పుడు అసలు సంగతి. ఈ పూట మాకు గొర్రెపిల్లల విందు. మొన్న పుట్టిన లేతవాటితో మొదలుపెడతాం.”

గవరయ్యకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. “నా మందలోనా? నేనుండగా?”

“నువ్వుండబట్టే.”

“నేను అరుస్తా! మందంతా ఇంటాది. ఒక్క పిల్ల కూడా ఇటు రాదు.”

“అరుచుకో మామా. మేమేం నీ నోరు మూయడం లేదే. నీ శక్తి కొద్దీ అరుచుకో.”

చంపేవాడు ఇంత మర్యాద చేస్తున్నాడంటే ఎక్కడో మతలబుందని ఎవరికైనా తట్టాలి. భయంలో గవరయ్యకు తట్టలేదు. తల పైకెత్తి, ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని, “రావద్దు! నక్కలుండాయి! ఎవరూ వంకలోకి దిగొద్దు!” అని అరిచాడు. అరిచిన ప్రతిసారీ తల విసురుతున్నాడు. విసిరిన ప్రతిసారీ గంట గణగణా గణగణా మోగుతోంది.

చేలో గొర్రెల ముద్ద విడిపోయింది. నూరు తలలు పొట్టల కిందనుంచి బయటికొచ్చాయి. ఏడేళ్లలో గంట ఇంత గట్టిగా మోగడం అవి వినలేదు. ఇంత గట్టిగా పిలుస్తున్నాడంటే ఎంత మంచి మేతో అనుకున్నాయి. అంతే, గొర్రెదాటు మొదలైంది. కాళ్లు తేలిక కాబట్టి పిల్లలు అందరికంటే ముందు.

గట్టు అంచున మొదటి గొర్రెపిల్ల మొహం గవరయ్యకు కనబడింది. అది బొల్లెమ్మ బిడ్డ, పుట్టి వారం కూడా కాలేదు. “వెనక్కి పో! పోవే!” అని కొమ్ములు విసిరి ఇంకా గట్టిగా అరిచాడు. గంట ఇంకా గట్టిగా మోగింది. పిల్లలు ఇంకా తొందరగా దిగసాగాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

పైన కాటయ్య లేచాడు. సంగతి ఒక్క చూపుతో కనిపెట్టాడు. మంద వెనకనుంచి, “ఆగండే! ఆగండి!” అని మొరుగుతూ పరిగెత్తాడు. పాపం, గొర్రెల బతుకులో వెనకనుంచి కుక్క మొరిగితే ఒకటే అర్థం: ‘వెనకబడ్డావు, ముందుకు నడువు.’ అవి ముందుకు తోసుకున్నాయి. కాటయ్య మొరిగేకొద్దీ వంక దారి కిక్కిరిసిపోతోంది, చివరికి అతనికే దూరడానికి సందు లేకుండా పోయింది.

ఓబులమ్మ గట్టున నిలబడి, “నక్కలూ! నక్కలూ!” అని ఓండ్ర పెట్టింది. అయిదు చేల అవతలికి వినిపించింది. కానీ ఎండకు ఒకసారి, దాహానికి ఒకసారి, సంతోషానికి ఒకసారి, ఏమీ తోచకపోతే రెండుసార్లు ఆమె అదే ఓండ్ర పెట్టేది. ఒక ముసలి గొర్రె పక్కదానితో, “ఓబులమ్మకు ఆకలైనట్లుంది,” అని చెప్పి ముందుకు నడిచింది.

వంకలో తిరుపాలు పొట్ట పట్టుకుని నవ్వాడు. “చూసినావా మామా? ‘రావద్దు’ అంటాండావని నీకు తెలుసు, నాకు తెలుసు. నీ గంటకు తెలీదు. దానికి వచ్చేది ఒక్క మాటే, ‘రండి’ అని. నువ్వు ఏడ్చినా అదే చెప్తాది, నవ్వినా అదే చెప్తాది. ఊపు మామా, ఊపు.”

ఆ మాట గవరయ్యకు జోరీగ కుట్టినదానికంటే లోతుగా దిగింది. ఏడేళ్ల ఉపన్యాసాలు. ఒక్కటీ ఎవరూ వినలేదు. తాను చెప్పిన ప్రతి మాటనూ ఈ కంచుముక్క మింగేసి, దానికొచ్చిన మాట ఒక్కటే చెప్పుకుంటూ వచ్చింది. కానీ సిగ్గుపడి కూర్చోవడానికి వేళ కాదు, బొల్లెమ్మ బిడ్డ పదడుగుల దూరంలో ఉంది.

గవరయ్య నోరు మూసుకున్నాడు. నాలుగు కాళ్లూ ఇసుకలో పాతినట్టు నిలబడి, మెడ కదపకుండా ఉండిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన కష్టమైన పని ఏదంటే అదే. గంట ఒకసారి ఊగి, ఇంకోసారి సగం ఊగి, ఆగిపోయింది.

దారిలో దిగుతున్న గొర్రెలు ఆగాయి. ఎటు పోవాలో తెలియక ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

“ఏం మామా, మాటలైపోయినాయా?” అన్నాడు తిరుపాలు. నవ్వు కాస్త తగ్గింది. “ఒరేయ్, కొరకండ్రా వీణ్ణి. వాడే ఊపుతాడు.”

చిన్న బామ్మర్ది వచ్చి వెనక కాలు పట్టుకున్నాడు. పండ్లు దిగాయి. గవరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ మెడ కదల్లేదు. పెద్ద బామ్మర్ది గడ్డం పట్టి లాగాడు. ఏడేళ్లుగా పెంచుకున్న గడ్డంలో సగం వాడి నోట్లోకి పోయింది. అయినా మెడ కదల్లేదు.

గంట ఆగేసరికి వేరే చప్పుళ్లు వినబడసాగాయి. గట్టు మీద బొల్లెమ్మ తన పక్కన బిడ్డ లేదని చూసుకుంది. “బే,” అంది. అంత పెద్ద గొంతేమీ కాదు. పక్కనున్న గొర్రెలకు కూడా అది ఏ అర్థమూ లేని అరుపే. కానీ వంకలో ఆ గొర్రెపిల్ల చెవులు నిక్కించి, వెనక్కి తిరిగి, పెద్దవాటి పొట్టల కిందనుంచి దూరి పైకి పాకింది. అది చూసి ఇంకో తల్లి పిలిచింది, తర్వాత ఇంకొకటి. ప్రతి తల్లికీ ఒక గొంతు, ప్రతి గొంతుకూ ఒక బిడ్డ. పిల్లలు ఒక్కొక్కటే వెనక్కి మళ్లుతున్నాయి. తల్లుల పిలుపు అందని నాలుగు పిల్లలు మాత్రం ఇంకా దారి మొదట్లో బిక్కమొహాలేసుకుని నిలబడి ఉన్నాయి.

తిరుపాలు గవరయ్య గొంతు దగ్గరికి నోరు తెచ్చాడు. “ఊపరా! ఊపుతావా గొంతు కొరకమంటావా?”

అప్పుడు గవరయ్య మాట్లాడాడు. తల ఆడించకుండా, గడ్డం ఎగరేయకుండా, ఒక్క తిరుపాలుకే వినబడేంత మెల్లగా. ఉపన్యాసం భాష కూడా వదిలేశాడు.

“తిరుపాలూ, నన్ను కొరికితే నీకేమొస్తాదప్పా? నేను చచ్చి పడిపోతే గంట కూడా నాతోపాటు ఇసుకలో పడుంటాది, ఎవడు మోగిస్తాడు? ఏడేండ్లు మెడలో ఏసుకున్నోణ్ణి నాకు తెలీని గుట్టు నువ్వు మూడు దినాల్లో కనిపెడ్తివి. నువ్వే చెప్తివే, మంద నా మాట ఇనదు, గంట మాట ఇంటాదని. మరి ఈ ముసలిపోతుతో నీకేం పని? పట్టీ వదులుగానే ఉండాది. ఆ గంటేదో నువ్వే ఏసుకో. ఈ ఒక్క పూట గాదు, ఏ పూటకు ఆ పూట నీ యెనకే వస్తాయి.”

తిరుపాలు కళ్లు మెరిశాయి. అబద్ధం చెప్తే నక్క ఇట్టే పట్టేస్తుంది. గవరయ్య చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. అదే చిక్కు.

“బావా, ఎందుకో నాకు...” అన్నాడు పెద్ద బామ్మర్ది, నోట్లో వెంట్రుకలు ఉమ్ముతూ.

“నోరు ముయ్యి. ఆలోచించే పని నీకెప్పుడిచ్చినా? మామా, తల వంచు.”

గవరయ్య వంచాడు. తిరుపాలు తోలుపట్టీని పండ్లతో పట్టి కొమ్ముల మీదుగా లాగి, ఇసుకలో పడేసి, దాంట్లో తన తల దూర్చాడు. చెవులు మడతపడ్డాయి, తర్వాత పట్టీ అవతల చెవులు మళ్లీ లేచాయి. సరిగ్గా సరిపోయింది. ఒకసారి ఊపి చూసుకున్నాడు. గణగణ!

దారిలో గొర్రెలన్నీ తలెత్తాయి. నిజంగానే ఒక అడుగు ముందుకేశాయి. నాలుగు పిల్లలూ వేశాయి. ఆఖరికి గట్టుమీద బొల్లెమ్మ కూడా వేసింది. గవరయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. ‘నేనే తాళం దొంగ చేతికిచ్చినానా?’ అనుకున్నాడు.

“చూసినారా!” అని తిరుపాలు ఎగిరి గంతేశాడు. “మందే నాదిరా! రాండి, రాండి!” గణగణా గణగణా.

గంట పిలిస్తే వచ్చేది గొర్రెలొక్కటే కాదన్న సంగతి మూడు రోజులు కంపలో కూర్చుంటే తెలిసేది కాదు. ఎర్రిస్వామి తాత కుక్క మొరిగితే లేవడు, గాడిద అరిస్తే అసలే లేవడు. గంట వేళకాని వేళ మోగిందో, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. వంకలో గవరయ్య మొదటి అరుపుకు తల విసిరినప్పుడే ఆయన లేచి కర్ర తీసుకున్నాడు. మోకాళ్ల నొప్పులతో సగం దూరం వచ్చాక గంట ఆగిపోయింది. “యాడికి పోయినాడురా ఈ పోతు?” అంటూ ఎటు నడవాలో తెలియక చేనిలో నిలబడిపోయాడు.

కాటయ్యది కూడా అదే అవస్థ. మంద వెనక నిలబడి మొరుగుతుంటే ఓబులమ్మ వచ్చి, “కాటయ్యా, నోరు మూయప్పా! నువ్వు మొరిగేకొద్దీ అవి ముందుకు పోతాండాయి. సుట్టూ తిరిగి గట్టు మీదుగా పో,” అని గట్టిగా కసిరింది. పోయాడు. కానీ గట్టు పొడుగునా ముళ్లకంప, కింద ఎవరు ఎక్కడున్నారో కనబడదు. వాసన చూద్దామంటే నూరు గొర్రెల వాసన.

ఇప్పుడు గంట మోగింది. ‘రండి,’ అంది. ఇద్దరూ వచ్చారు.

కాటయ్య కంపలోనుంచి నేరుగా తిరుపాలు వీపు మీదకే దూకాడు. బామ్మర్దులిద్దరూ ఒకరికి ఒకరు చెప్పుకోకుండానే రెండు దిక్కులకు పరుగు తీశారు. తిరుపాలు కుక్క కిందనుంచి ఎలాగో జారి, మూలుగుతూ గట్టెక్కితే, మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు తాత కర్ర నడుం మీద పడింది. “నా గంట! ఒరే దొంగనక్కా, నా గంట!” అని తాత, వెనక కాటయ్య. కంపలో దూరినా గంట పట్టించింది, శనగకట్టెల వామి చాటున దాక్కున్నా గంట పట్టించింది. మూడు చేలు, రెండు గట్లు దాటేదాకా కాటయ్య తరుముతూనే ఉన్నాడు.

మందను వంక దారిలోనుంచి వెనక్కి మళ్లించేసరికి పొద్దు వాలింది. పిల్లలన్నీ లెక్కకు సరిపోయాయి. గవరయ్య కుంటుకుంటూ, సగం గడ్డంతో, బోసి మెడతో గట్టెక్కి, “పదండి, పోదాం,” అన్నాడు. ఒక్క గొర్రె కదల్లేదు. ఒక గొర్రె అతన్ని ఎగాదిగా చూసి, “ఎవురో కొత్త మేక వచ్చినట్లుందే,” అని మేతకు తల వంచింది.

ఓబులమ్మ నవ్వబోయి, అతని కాలి గాయం చూసి ఆగిపోయింది.

“నవ్వు ఓబులమ్మా, నవ్వు. ఏడేండ్లు బాకీ ఉండావు.”

“నా మొహానికి నేను నవ్వుకోవాల్లే. ప్రాణం పోతాందని అరిస్తే నాకు ఆకలైందనుకున్నారంట. ఉత్తపుణ్యానికి రోజుకు పదిసార్లు అరిస్తే, పదకొండోది ఎవరింటారు?”

“నేను ఆగమంటే పరిగెత్తినాయి,” అన్నాడు అప్పుడే వచ్చిన కాటయ్య, నాలుక బయటపెట్టి రొప్పుతూ. “ఇంకోసారి ఆపాలంటే ముందుకు పోయి మొరగాల, యెనకనుంచి గాదు.”

గవరయ్య బొల్లెమ్మ దగ్గరికి వెళ్లాడు. ఏడేళ్లలో అతను ఒక గొర్రెను ఏదైనా అడగడం అదే మొదలు.

“బొల్లెమ్మా, నేను గొంతు చించుకుంటే ఇననోళ్లు, నువ్వు ఒక్కసారి ‘బే’ అంటే ఎట్ల తిరిగె నీ బిడ్డ?”

బొల్లెమ్మ బిడ్డను నాకుతూ, “నేను మందను పిలవలేదు గదన్నా,” అంది. “నా బిడ్డను పిలిస్తి. అది పుట్టిన్నాడు చెవిలో మొదట పడింది ఆ గొంతే.”

తాత సంతకు పోయి కొత్త గంట తెచ్చేదాకా ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ గవరయ్య మంద వెనకే నడిచాడు. ఏదైనా చెప్పాల్సివస్తే ఒక్కో గొర్రె పక్కకు వెళ్లి, దాని మొహంలోకి చూసి చెప్పేవాడు. చాలా తక్కువ చెప్పేవాడు, ఎందుకంటే నూరుసార్లు చెప్పాలంటే ఎవరైనా మాట కుదించుకుంటారు. కొత్త గంట మెడలో పడ్డాక కూడా గట్టెక్కి ఉపన్యాసం ఇవ్వలేదు. ఏ కంపలోనైనా ఆకు వేరేగా కదిలితే చాలు, మెడ బిగించి రాయిలా నిలబడిపోయేవాడు. గంట ఆగితే మంద ఆగేది.

ఇక తిరుపాలు సంగతి. పట్టీ లోపలికి దూరినంత సులువుగా చెవులు బయటికి రాలేదు. రాళ్లకు రుద్దాడు, కొమ్మలకు తగిలించి లాగాడు, మెడ బొచ్చు ఊడింది గానీ పట్టీ ఊడలేదు. అతను బొరియనుంచి లేస్తే కుందేళ్లు లేచి పోయేవి. పొలంలో ఎలుకలు కూడా, “తిరుపాలన్న వస్తాండాడు, పదండి,” అని నింపాదిగా కలుగుల్లోకి నడిచి వెళ్లేవి. వేటకు వెంట వస్తానంటే బామ్మర్దులు దండం పెట్టారు. “బావా, నువ్వు బయలుదేరితే మా కూడు కూడా పోతాది. నువ్వు ఆ గుట్ట దాటి ఉండు, పండగకో పబ్బానికో మేమే వస్తాంలే.”

“నేనేమన్నా పిలుస్తాండానా అందర్నీ? సద్దు చేయకుండానే పోతాండా గదరా!” అని తిరుపాలు కోపంగా తల విదిలించాడు.

గంట మోగింది. గుట్ట కింది చేలో కాటయ్య చెవులు నిక్కించాడు.

నీతి: నీ మాటను దేని మీద ఎక్కించి పంపుతున్నావో ముందు చూసుకో, దిగేసరికి అది నీ మాట కాకపోవచ్చు.